సిక్కిం మన దేశంలో ఎలా కలిసింది?

ప్రియమైన పిల్లలకు,

సిక్కిం 1975లో మన 22వ రాష్ట్రమైందని జీకే పరీక్ష కోసం మీరు బట్టీ పట్టే ఉంటారు. ఆ ఒక్క ముక్క వెనక 333 ఏళ్లు బతికిన ఒక రాజ్యం ఉంది. దాని కథ మీకు పూర్తిగా తెలియాలని నా కోరిక. పెద్ద దేశాలు చిన్న దేశాలను కలుపుకున్న కథలు మనం చాలా వింటాం. ఈ కథలో ఆ పెద్ద దేశం మనమే.

సిక్కిం ఎంత చిన్నదంటే, పాత నల్గొండ జిల్లాలో సగం ఉంటుంది. 1971లో అక్కడి జనాభా సుమారు 2 లక్షల 10 వేలు. 1642లో యుక్సోంలో ఫుంత్సోగ్ నంగ్యాల్‌కు పట్టం కట్టారు. ఆ వంశపు రాజును చోగ్యాల్ అంటారు. బ్రిటిష్ వాళ్లు వచ్చాక ఆ రాజ్యం వాళ్ల నీడలోకి వెళ్లింది. డార్జిలింగ్‌ను కూడా 1835లో వాళ్లకే వదులుకుంది. 1947 తర్వాత ఆ నీడ మనదైంది. 1950 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం సిక్కిం రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా, తపాలా మన చేతికి వచ్చాయి. లోపలి పాలన మాత్రం చోగ్యాల్‌దే.

ఆ లోపలి పాలనలోనే పేచీ ఉంది. అక్కడి జనంలో నేపాలీ మూలాలున్నవాళ్లు దాదాపు నాలుగింట మూడు వంతులు. ముందునుంచీ ఉన్న లెప్చాలు, భూటియాలు తక్కువ. అయినా కౌన్సిల్‌లో, అంటే అక్కడి చట్టసభలో, రెండు వర్గాలకూ సమానంగా సీట్లు పెట్టారు, పైగా కొందరిని చోగ్యాలే నామినేట్ చేసేవాడు. అంటే ఒక నేపాలీ రైతు ఓటుకు ఒక భూటియా ఓటుకున్న విలువ లేదన్నమాట. 'ఒక మనిషికి ఒక ఓటు' అని వాళ్లు అడిగింది న్యాయమే. సొంత నేల మీద తాము మైనారిటీ అయిపోతామన్న లెప్చాల, భూటియాల భయమూ నిజమే. ఈ రెండూ ఒకేసారి నిజమని గుర్తుపెట్టుకుంటేనే మిగతా కథ అర్థమవుతుంది.

1973 ఎన్నికల్లో అక్రమాలు జరిగాయని జనం వీధుల్లోకి వచ్చారు. పరిస్థితి చేయిదాటడంతో పాలనను భారత్ తన చేతుల్లోకి తీసుకుంది. ఆ మే 8న చోగ్యాల్, పార్టీల నాయకులు, భారత ప్రభుత్వం కలిసి ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. 1974 ఎన్నికల్లో చోగ్యాల్ పాలనను వ్యతిరేకించిన కాజీ లెందుప్ దోర్జీ నడిపిన సిక్కిం కాంగ్రెస్ 32 సీట్లలో 31 గెలిచింది.

ఢిల్లీకి అంత తొందరెందుకు అని మీరు అడగాలి. సిక్కిం పైన టిబెట్, అంటే చైనా. కింద సిలిగురి దగ్గర మన భూభాగం సన్నటి మెడలా ఉంటుంది, ఈశాన్య రాష్ట్రాలన్నిటికీ దారి అదే. 1962 యుద్ధం అయింది, 1967లో సిక్కిం సరిహద్దులోనే నాథూలా దగ్గర కాల్పులు జరిగాయి. పక్కనున్న భూటాన్ 1971లో ఐక్యరాజ్యసమితిలో చేరడంతో, చోగ్యాల్ పాల్డెన్ తోండుప్ నంగ్యాల్‌కూ తన రాజ్యానికి అలాంటి గుర్తింపు రావాలన్న ఆశ పెరిగింది. ఢిల్లీకి టెన్షన్ పట్టుకుంది.

1975 ఏప్రిల్ 9న మన సైన్యం గాంగ్‌టక్‌లో రాజభవనాన్ని చుట్టుముట్టి కాపలా సైనికుల ఆయుధాలు తీసేసుకుంది. వాళ్లలో ఒక యువకుడు చనిపోయాడు. మర్నాడే రాజరికం రద్దు చేసి భారత్‌లో కలవాలని అసెంబ్లీ తీర్మానించింది. 14న ప్రజల ఓటింగ్ పెట్టారు. అనుకూలంగా 59,637 ఓట్లు, వ్యతిరేకంగా 1,496. మే 16న సిక్కిం రాష్ట్రమైంది.

అంకెలు చూస్తే ఇక మాట్లాడడానికి ఏముంది అనిపిస్తుంది. కానీ అడిగిన ప్రశ్న చూడండి. రాజు పోవాలా అన్నదీ, భారత్‌లో కలవాలా అన్నదీ కలిపి ఒకే ప్రశ్నగా అడిగారు. రాజు వద్దు, మా దేశం మాకు ఉండాలి అనుకున్నవాడు ఎటు వేయాలి? అదీ కొండల మీద చెదిరిన ఊళ్లలో, తీర్మానమైన నాలుగు రోజులకే, సైన్యం అక్కడుండగానే. రాజరికం పోవాలని చాలామంది మనసారా కోరుకున్నారని నేను నమ్ముతాను. విలీనాన్ని కూడా అంతమందీ కోరుకున్నారని మాత్రం ఆ లెక్క చూపించి చెప్పలేను. నా దేశం మీద నాకున్న ప్రేమ ఈ మాట అనడానికి అడ్డు రాదు. 1978లో ప్రధాని మొరార్జీ దేశాయే, ఆ విలీనం సరైంది కాదనీ, అయితే ఇప్పుడు వెనక్కి తిప్పలేమనీ అన్నారు.

చోగ్యాల్ 1982 జనవరిలో న్యూయార్క్‌లో క్యాన్సర్‌తో పోయారు. అంత్యక్రియలు సిక్కింలో జరిగాయి. కాజీ మొదటి ముఖ్యమంత్రి అయ్యారు, కానీ 1979 ఎన్నికల్లో ఆయన పార్టీకి ఒక్క సీటూ రాలేదు. గెలిచింది విలీనాన్ని వ్యతిరేకించిన నర్ బహదూర్ భండారీ. ఐదేళ్ల కింద 32లో 31 ఇచ్చిన జనం కాజీని అంతగా కాదన్నారంటే, వాళ్ల మనసులో ఏముందో ఆలోచించండి.

ఇవాళ సిక్కిం వాళ్లు మనలో ఒకరు. మన ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్‌గా చేసిన బైచుంగ్ భూటియా విలీనమైన మరుసటి ఏడాది అక్కడే పుట్టాడు. కలుపుకునేటప్పుడు మన పార్లమెంటు ఒక మంచి పని కూడా చేసింది. మీలో పెద్దవాళ్లు కాలేజీ సీట్ల దగ్గర లోకల్, నాన్‌లోకల్ అనే మాట వినే ఉంటారు. దానికి ఆధారం మన రాజ్యాంగంలోని 371డి అధికరణం. అది దాటి ఇంకొంచెం ముందుకెళ్తే 371ఎఫ్ ఉంటుంది, అది సిక్కింది. అక్కడి పాత చట్టాలు దానివల్లే నిలిచాయి. అసెంబ్లీలో భూటియా, లెప్చాలకు 12 సీట్లున్నాయి. ఇంకో సీటు సంఘానిది, అంటే బౌద్ధ మఠాలది. దానికి ఊరూ, హద్దులూ లేవు, గుర్తింపు ఉన్న మఠాల్లోని భిక్షువులు, భిక్షుణులే ఓటేస్తారు. మతం పేరుతో సీటేమిటని కొందరు కోర్టుకెళ్లారు. 1993లో సుప్రీంకోర్టు ఆ సీటును ఉండనిచ్చింది. నాకా తీర్పు నచ్చింది. రాజ్యం పోగొట్టుకున్నవాళ్లకు ఆ మాత్రం మిగలాలి.

ప్రేమతో,
మీ తాతయ్య