ఇంటిపేర్లు: అపోహలు - వాస్తవాలు (క్యాటలాగ్ పని చేసేవాళ్ల వైపు నుంచి)

లైబ్రరీలో రచయితల పేర్లకి ఎంట్రీలు రాసే పని నాది, ఇంటిపేర్ల గొడవ మాకు రోజూ ఉండేదే. ఎక్కువగా వినపడేవి చెప్తా.

అపోహ: పేరులో చివర ఉన్నదే ఇంటిపేరు.
వాస్తవం: మనకి ఇంటిపేరు ముందుంటుంది, కానీ ఫారాల్లో చివరి ముక్కని తీసుకెళ్లి సర్‌నేమ్ గడిలో పడేస్తారు, దాంతో రావులంతా ఒకచోట, రెడ్లంతా ఒకచోట కుప్ప పడతారు. పి.వి. నరసింహారావు గారు పాములపర్తి వారు, పి.వి. సింధు పూసర్ల వారమ్మాయి. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకి క్రామర్-రావు అసమానత తెలుసు కదా, ఆ సి.ఆర్. రావు గారి ఇంటిపేరు కల్యంపూడి. యల్లాప్రగడ సుబ్బారావు గారిది ఇంకా తమాషా, 1925లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద పేపర్ రాస్తే అది ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతే, పెట్టిన పేరే అక్కడ ఇంటిపేరై కూర్చుంది. ఇలాంటప్పుడు మేం "సుబ్బారావు, చూ. యల్లాప్రగడ సుబ్బారావు" అని (చూ. అంటే చూడండి) ఇంకో చిన్న ఎంట్రీ పెడతాం, ఎటు నుంచి వెతికినా దొరకాలిగా.

అపోహ: ఇంటిపేరు ఒకటైతే చుట్టాలే.
వాస్తవం: చాలా ఇంటిపేర్లు ఊరి పేర్లే, ఒక ఊరి నుంచి ఏ సంబంధమూ లేని కుటుంబాలు, వేరే వేరే కులాల వాళ్లు కూడా బయల్దేరి ఉండొచ్చు. పింగళి సూరన 16వ శతాబ్దం కవి, పింగళి వెంకయ్య గారంటే జెండా, పింగళి నాగేంద్రరావు గారంటే సినిమా పాటలు. ముగ్గుర్నీ కలిపి వంశవృక్షం గీసేయకండి బాబూ, గీయాలంటే తాతముత్తాతల పేర్లు, ఊళ్లు, ఏదో ఒక కాగితం ఆధారం ఉండాలి.

అపోహ: ఇంటిపేరులో ఉన్న ఊరే సొంతూరు.
వాస్తవం: కందుకూరి వీరేశలింగం గారు పుట్టింది రాజమండ్రిలో. అంతే.

అపోహ: పుట్టినప్పటి ఇంటిపేరు మారదు.
వాస్తవం: శ్రీశ్రీ పూడిపెద్ది వారింట పుట్టి దత్తత వెళ్లి శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు. ఆడవాళ్లకైతే పెళ్లి ఉంది, మాకు అసలు తలనొప్పి ఇక్కడే, మొదటి పుస్తకం పుట్టింటి పేరుతో, తర్వాతవి అత్తింటి పేరుతో వస్తే ఒకే మనిషి ఇద్దరు రచయిత్రులుగా చీలిపోతుంది, అప్పుడు ఆవిడ ఎక్కువ పుస్తకాల మీద ఏ పేరు వేసుకుందో అదే అసలు ఎంట్రీ, రెండోదానికి చూ. తగిలిస్తాం. కలం పేరున్నవాళ్లతో ఈ గోల తక్కువ, ఆరుద్ర పుస్తకం కావాలని వచ్చి భాగవతుల అని వెతికేవాళ్లు ఎవరుంటారు!