మెదడులో దడి కట్టే కణాలు

మెదడుకు దెబ్బ తగిలితే డాక్టరు కంటే ముందు అక్కడికి చేరేది మెదడులోని కణాలే. ఆ పరుగును కళ్ళారా చూసింది 2005లో.

ఆ ఏడాది రెండు పరిశోధక బృందాలు చిట్టెలుక పుర్రెను ఒకచోట పలచగా అరగదీసి, బతికున్న మెదడులోకి మైక్రోస్కోపుతో తొంగిచూశాయి. మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలు ఆకుపచ్చగా వెలిగేలా ఆ ఎలుకల జన్యువులను ముందే మార్చి పెట్టారు. అప్పటిదాకా వీటికి 'విశ్రాంతి కణాలు' అని పేరు. తీరా చూస్తే ఒక్కటీ ఊరికే లేదు! కణం ఉన్నచోటే ఉంటుంది గానీ, దాని సన్నటి కొమ్మలు చీమ మీసాల్లా చుట్టూ తడుముతూనే ఉన్నాయి. కొన్ని గంటలకోసారి మెదడంతా ఇలా తడిమేస్తాయట.

లేజరుతో సూదిమొన కంటే చిన్న గాయం చేశారు. చుట్టుపక్కల కొమ్మలన్నీ అటే తిరిగాయి. అరగంటలోపే గాయాన్ని గుండ్రంగా చుట్టేశాయి. పిలిచిందెవరు? ఏటీపీ. కణం లోపల ఇంధనంగా ఉండే ఈ పదార్థం, కణం చిట్లగానే బయటికి కారుతుంది. లోపలిది బయట కనిపించిందంటే ఇల్లు కూలినట్టే. ఏటీపీని విరగ్గొట్టే ఎంజైమును అక్కడ పెడితే ఆ కొమ్మల పరుగు మందగించింది.

తర్వాతి రోజుల్లో ఆస్ట్రోసైట్ల వంతు. నక్షత్రాల్లాంటి ఈ కణాలు ఉబ్బి, కొమ్మలు పెనవేసుకుని గాయం చుట్టూ దడి కడతాయి. అదే మచ్చ. వెన్నుపాములోనూ ఇంతే. వెన్నుపాము తెగితే నాడీతంతువులు మళ్ళీ పెరగకపోవడానికి ఈ మచ్చే అడ్డమని దశాబ్దాలపాటు నమ్మారు. తంతువుల ఎదుగుదలను ఆపే పదార్థాలు మచ్చలో ఉన్న మాట నిజమే.

కానీ లాస్ ఏంజెలిస్‌లో మైఖేల్ సోఫ్రోనీవ్ బృందం 2004లో చిట్టెలుకల్లో ఈ ఆస్ట్రోసైట్లను తొలగించి చూస్తే గాయం ఇంకా పాకింది, నాడీకణాలు ఇంకా ఎక్కువ చచ్చిపోయాయి. దడి లేకపోతే వాపు తెచ్చే కణాలు పక్కనున్న మంచి కణజాలంలోకి చొరబడతాయి మరి. అదే బృందం 2016లో మచ్చ ఏర్పడకుండా అడ్డుకుంది. అయినా తంతువులు పెరగలేదు. ఎదుగుదలను ప్రేరేపించే పదార్థాలు అందిస్తే మాత్రం, మచ్చ ఉండగానే అందులోంచి దారి చేసుకుని పెరిగాయి! కాపలా కాసిన కణాలనే ఇన్నాళ్ళూ దోషులుగా నిలబెట్టామా అని నాకు బాధ కలిగింది.

అలాగని వీటివల్ల కీడే లేదని కాదు. స్టాన్‌ఫర్డ్‌లో బెన్ బారెస్ బృందం 2017లో ఇంకో ముఖం చూపించింది. రెచ్చిపోయిన మైక్రోగ్లియా మూడు ప్రోటీన్లను వదులుతుంది. అవి తాకిన ఆస్ట్రోసైట్లు నాడీకణాలను సాకే తమ పని మానేసి, వాటికే విషం పెట్టడం మొదలుపెడతాయి. ఈ కణాలు ఎన్నాళ్ళు రెచ్చిపోతాయి, ఎప్పుడు చల్లబడతాయి అన్నదే రోగికి ప్రాణాధారమని నాకనిపిస్తుంది. కంటి నాడి నలిగిన ప్రయోగ జంతువుల్లో ఆ మూడు ప్రోటీన్లనూ యాంటీబాడీలతో అడ్డుకుంటే, చనిపోవాల్సిన రెటీనా కణాలు బతికి బయటపడ్డాయి.