డీజిల్ కారులో హీటర్ అంతంతమాత్రమేనా? అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఏడాది పొడుగునా కారు హీటర్ నాబ్‌ని ఎర్ర గీత వైపు తిప్పే అవసరం ఎవరికి పడుతుంది? డిసెంబరులో లంబసింగి మంచు చూద్దామని తెల్లవారుజామున బయల్దేరితేనే హీటర్ సంగతి బయటపడుతుంది. సోమవారం బండి మా మెకానిక్ షెడ్డుకొచ్చేసరికి ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పి పంపే ఉంటారు. మాకు ఎక్కువగా వినపడేవి ఇవి.

అపోహ: ఏసీ గ్యాస్ అయిపోయింది, అందుకే వేడి రావట్లేదు.

వాస్తవం: గ్యాస్‌కీ వేడికీ సంబంధం లేదు. ఇంజిన్ వేడిని మోసుకొచ్చే కూలెంట్ డాష్‌బోర్డు వెనకున్న హీటర్ కోర్‌లోంచి పోతుంది, బ్లోయర్ దాని మీదుగా గాలి తోస్తుంది. అంతే. మీ బండికి వేడినిచ్చేది ఇంజినే. కాబట్టి హీటర్ వేస్తే మైలేజీ పడిపోతుందన్న భయం కూడా వద్దు, ఎలాగూ బయటికి పోయే వేడే అది. అయితే అనంతగిరి ఘాట్‌లో అద్దానికి లోపల ఆవిరి పడితే మాత్రం హీటర్‌తోపాటు ఏసీ కూడా వేయండి. ఏసీ గాలిలోని తేమ లాగేస్తుంది, హీటర్ ఆ గాలిని వెచ్చబెడుతుంది.

అపోహ: డీజిల్ బండి కదండీ, అంతే వస్తుంది.

వాస్తవం: ఇందులో సగం నిజం. డీజిల్ ఇంజిన్ వృథా చేసే వేడి పెట్రోల్ కంటే తక్కువ, ఐడ్లింగ్‌లో మరీ తక్కువ. ఇంటి ముందు స్టార్ట్ చేసి వదిలేసి, లోపల టిఫిన్ తిని వచ్చినా అది చల్లగానే ఉండొచ్చు. నెమ్మదిగా నడుపుతూ పోతేనే తొందరగా వేడెక్కుతుంది. కానీ ఊళ్ళోంచి బయల్దేరి ఎస్.కోట దాటినా గోరువెచ్చగానే ఉందంటే అది డీజిల్ తప్పు కాదు, బండిలో లోపం.

అపోహ: మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు? తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది.

వాస్తవం: నాకు ఒళ్ళు మండే మాట ఇదే. వేసవిలో బండి హీటెక్కిందని ఎవరో థర్మోస్టాట్ పీకేస్తారు, చలికాలంలో హీటర్ రావట్లేదని ఇంకొకరి దగ్గరికి వస్తుంది. థర్మోస్టాట్ అనే ఈ వాల్వ్ సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అప్పటిదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వదు. అది లేకపోయినా, తెరుచుకుని ఇరుక్కుపోయినా ఇంజిన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు. చల్లటి ఇంజిన్ డీజిల్ ఎక్కువ తాగుతుంది, మసి ఎక్కువ చేస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిళ్ళలో ఆ మసి డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, పేరుకుంటుంది. చాలా బండ్లలో ఇంజిన్ తగినంత వేడెక్కితే గాని దాన్ని కాల్చే పని మొదలవదు. పైగా కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తీసేస్తే బైపాస్ దారి తెరిచే ఉండిపోయి, కొంత వేడి నీరు రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగొస్తుంది. చల్లబడాలని తీస్తే గాజువాక ట్రాఫిక్‌లో ఇంకా హీటెక్కుతుంది!

దీన్ని పట్టుకోవడం సులువు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపు మీద చెయ్యి పెట్టండి. చాలాసేపు చల్లగా ఉండి, తర్వాత గబుక్కున వేడెక్కాలి. మొదటి నిమిషాల నుంచే కొద్దికొద్దిగా వెచ్చబడుతుంటే థర్మోస్టాట్‌నే అనుమానించండి. మీటర్లో ముల్లు మధ్యలోనే ఉందని ధీమా పడొద్దు, చాలా కార్లలో కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా అది కదలదు. స్కానర్ పెట్టి కూలెంట్ ఎన్ని డిగ్రీల్లో ఉందో అంకె చూడాలి. అరకు ఘాట్ గేర్లో దిగుతున్నప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ సరఫరా ఆగి, మంచి బండిలోనూ వేడి కొంచెం తగ్గుతుంది. 60 డిగ్రీలకి జారిపోతే మాత్రం థర్మోస్టాట్ మార్చాల్సిందే.

అపోహ: వేడి రాలేదంటే హీటర్ కోర్ పోయినట్టే.

వాస్తవం: డాష్‌బోర్డు మొత్తం విప్పే పని అది, ముందే ఒప్పుకోకండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, క్యాబిన్ గోడలోకి వెళ్ళే రెండు హీటర్ పైపులూ చూడండి. చున్నీ, చొక్కా చేతులు తిరిగే ఇంజిన్ బెల్టుకి దూరంగా పెట్టుకుని, తాకీ తాకనట్టు తాకాలి, చెయ్యి కాలుతుంది. రెండూ కాలుతుంటే వేడి కోర్ దాకా వస్తున్నట్టే. అప్పుడు చూడాల్సింది గాలి దారి మళ్ళించే ఫ్లాప్‌ని, దాని మోటార్‌ని. డాష్‌బోర్డు వెనక టిక్కు టిక్కుమంటుంటే చాలాసార్లు ఆ మోటార్ గేరే అరిగి ఉంటుంది. గాలే తక్కువగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి, ఎలకలు పెట్టిన గూడు కూడా దొరకొచ్చు. ఒకటి కాలుతూ ఇంకోటి చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయి ఉండొచ్చు, హీటర్ వాల్వ్ ఉన్న బండైతే అది మూసుకుని ఉండొచ్చు. రెండూ గోరువెచ్చగా ఉంటే థర్మోస్టాట్, లేదా కూలెంట్ తక్కువ, లేదా ఎయిర్ లాక్ (కూలెంట్ దారిలో గాలి ఇరుక్కోవడం). ఎయిర్ లాకైతే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు డాష్‌బోర్డులో నీళ్ళు గలగలమంటాయి.

అపోహ: మనకి నీళ్ళు గడ్డకడతాయా? కూలెంట్ దండగ.

వాస్తవం: గడ్డకట్టకుండా చూడ్డం ఒక్కటే దాని పని కాదు. తుప్పు పట్టనివ్వదు, మరిగే ఉష్ణోగ్రత పెంచుతుంది. బోరు నీళ్ళు పోస్తూ పోతే తెల్లటి గార కడుతుంది, ముందు పూడుకునేవి హీటర్ కోర్‌లోని సన్నటి గొట్టాలే.

సెకండ్ హ్యాండ్ డీజిల్ కొనేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. కోర్ లీకైతే కొందరు ఆ రెండు పైపుల్నీ ఒక ముక్కతో కలిపేసి పంపేస్తారు. బండి నడుస్తుంది, హీటర్ మాత్రం ఉండదు. బానెట్ ఎత్తి ఆ పైపులు గోడలోకి వెళ్తున్నాయో లేదో చూడండి. ముందు సీటు కింద కార్పెట్ తడిగా, తియ్యటి వాసనతో ఉన్నా, అద్దానికి లోపల జిడ్డు పొర తేలినా కోర్ కారుతున్నట్టే, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.