నవ్వించే చోటే ఆధారం

చిన్నారి పాఠకులకు ఆశీస్సులు.

డిటెక్టివ్ కథలో హాస్యం చేరితే ఉత్కంఠ పలచబడిపోదా అని మీలో కొందరికి సందేహం ఉన్నది. రచయిత చేతకానివాడైతే తప్పకుండా పలచబడుతుంది. పరిశోధన కాసేపు ఆగి, ఎవరో ఒకరు అరటితొక్క మీద జారిపడి, ఆ తరువాత మళ్లీ పరిశోధన సాగే కథలు కొల్లలుగా ఉన్నాయి. వాటిలోని హాస్యాన్ని కత్తిరించి పారవేసినా కథకు లోటు రాదు. మీ వయసు వారి కోసం నిజంగా శ్రద్ధతో రాసిన కథలో అలా కత్తిరించడం కుదరదు, దొంగను పట్టించే ఆధారాన్ని రచయిత మనం నవ్వుకుంటున్న చోటే దాచి ఉంచుతాడు గనుక.

జర్మన్ రచయిత ఎరిక్ కెస్ట్నర్ 1929లో ప్రచురించిన ఎమిల్ కథనే తీసుకోండి. ఎమిల్ తల్లి ఇంట్లోనే ఆడవారికి తలంటి, జుట్టు సింగారించి కూడబెట్టిన 140 మార్కులను కొడుకు చేతికిచ్చి, బెర్లిన్ నగరానికి రైలెక్కిస్తుంది. ఆ డబ్బు ఎక్కడ పోతుందోనన్న బెంగతో దారి పొడవునా జేబు తడుముకుంటూ కూర్చున్న ఎమిల్, చివరకు రైలు మరుగుదొడ్డిలోకి వెళ్లి, నోట్లున్న కవరును గుండుసూదితో కోటు లోపలి గుడ్డకు గుచ్చుకుంటాడు. ఇంటి బరువంతా తన మీదే ఉన్నట్లు ఆ పిల్లవాడు పడే హైరానాకు మనం నవ్వుకుని, సూది సంగతి అక్కడే వదిలివేస్తాం. పెట్టెలో ఎదురుగా కూర్చున్న టోపీ మనిషి బెర్లిన్‌లో వంద అంతస్తుల మేడలు ఉన్నాయనీ, అవి గాలికి ఎగిరిపోకుండా ఆకాశానికి కట్టివేస్తారనీ కోతలు కోసి, చాక్లెట్ కూడా ఇస్తాడు. ఎమిల్ కునుకు తీసి లేచేసరికి డబ్బు లేదు, ఆ మనిషీ లేడు.

పోలీసులకు చెప్పవచ్చు కదా అని మీరు అడుగుతారు. పిల్లలు పరిశోధించే కథలన్నిటికీ ఎదురయ్యే చిక్కు ఇదే, పెద్దలు రంగంలోకి దిగితే పిల్లలకు పని మిగలదు. చాలామంది రచయితలు ఈ చిక్కు నుంచి తప్పించుకోవడానికి పెద్దలందరినీ మొద్దులుగా చూపిస్తారు. అది సోమరితనమని నా అభిప్రాయం. కెస్ట్నర్ అలా చేయలేదు. ఎమిల్ అంతకు ముందు తన ఊళ్లో ఉన్న ఒక ప్రభువు విగ్రహానికి ఎర్రటి ముక్కు, నల్లటి మీసం దిద్ది ఉన్నాడు, కాబట్టి పోలీసు కనబడితే ముందు తననే పట్టుకుంటారని వాడి భయం. మొదట్లో మనల్ని నవ్వించిన ఆ అల్లరే తరువాత కథను పోలీసు స్టేషను వైపు పోనీయకుండా ఆపుతుంది. వాడికి సాయం వచ్చిన బెర్లిన్ పిల్లల్లో మోటారు హారను జేబులో వేసుకుని తిరిగేవాడు ఒకడైతే, మిగతావారంతా వీధుల్లో దొంగ వెంట పడుతూ ఉండగా ఇంట్లో ఫోను పక్కన కదలకుండా కూర్చునే పని పడిన చిన్నవాడు మరొకడు. నాకు అందరికన్నా ఆ చిన్నవాడే ఇష్టం.

చివర ఏం జరిగిందో చెప్పేస్తున్నందుకు కోపగించుకోకండి. బ్యాంకులో దొంగ ఆ నోట్లు మార్చుకోబోయినప్పుడు, అవి తనవేనని ఎమిల్ ఎలా రుజువు చేయగలిగాడు? నోట్ల మీద గుండుసూది గుచ్చిన బెజ్జాలు ఉన్నాయి.

బెంగాలీలో సత్యజిత్ రాయ్ హాస్యాన్ని మరొక పనికి వాడుకున్నాడు. ఆయన డిటెక్టివ్ ఫెలూదా 1965లో 'సందేశ్' అనే పిల్లల పత్రికలో పుట్టగా, జటాయు అనే మారుపేరుతో సాహస నవలలు రాసే లాల్‌మోహన్ బాబు 1971 నాటి కథలో వచ్చి చేరాడు. ఆయన తన నవలల్లో పొరపాట్లు రాస్తాడు, ఫెలూదా దిద్దుతాడు. మనకు తెలియక, అడగడానికి మొహమాటపడే ప్రశ్నలు మన బదులు ఆయన అడిగేస్తూ ఉంటాడు.

మన మర్యాద రామన్న తీర్పుల్లోనూ ఈ ఛాయ ఉన్నది. ఒక్క గేదె ఉన్న ఆవిడ దగ్గర నెయ్యి అప్పు తీసుకుని, ఇన్ని గేదెలున్న నాకు అప్పేమి ఖర్మ అని దబాయించిన పొరుగావిడ కథ మీరు విని ఉంటారు. రామన్న ఇద్దరినీ బురదలో నడిపించి, కాళ్లు కడుక్కోవడానికి చెరొక చెంబు నీళ్లు ఇప్పిస్తాడు. ఒక గేదె ఆవిడ ఆ నీళ్లలోనే కాళ్లు శుభ్రం చేసుకుని కొన్ని మిగిలిస్తుంది. రెండో ఆవిడ చెంబంతా కుమ్మరించుకుని ఇంకా కావాలంటుంది. దుబారా మనిషికి ఎంత పాడి ఉన్నా చాలదని రామన్న తేల్చివేస్తాడు.

ఈ రెండు ఆధారాలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. చెంబు నీళ్లు ఆ మనిషి స్వభావాన్ని చెబుతాయి గాని, నెయ్యి తీసుకున్నదని రుజువు చేయలేవు. దుబారా మనుషులందరూ అప్పు ఎగవేయరు కదా. సూది బెజ్జాలు మాత్రం ఆ నోట్లను ఎమిల్ కోటుతోనే ముడివేస్తాయి. కాబట్టి మీరు కథ రాసేటప్పుడు చెంబు నీళ్ల వంటి ఆధారాన్ని మధ్యలో ఉంచి, మీ డిటెక్టివ్ దాన్ని నమ్మి ఎవరో అమాయకుడి వెంట పడి నవ్వులపాలయ్యేలా చేయండి. బెజ్జాల వంటి దాన్ని ఆ గొడవకంతటికీ ముందే, మొదటి పేజీల్లోనే పాఠకుడికి చూపించి ఉంచండి.

ఇట్లు,
మీ తాతయ్య