రసీదు పుస్తకం ఎప్పటిది? మదరసా చదువుపై అపోహలు – వాస్తవాలు

నెల్లూరులో మదరసా పిల్లలకు అరబ్బీ వ్యాకరణం, ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) చెబుతుంటాను. రసీదు పుస్తకం పట్టుకుని మదరసా చందాకు వెళ్లినచోట, పెళ్లి విందుల్లో తరచూ వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: మదరసా నవాబుల కాలం నుంచి ఇలాగే ఉంది.

వాస్తవం: నెల్లూరు ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉన్న రోజుల్లో చదువంతా గురువును బట్టి నడిచేది. ఒక ఉస్తాద్ దగ్గర ఒక గ్రంథం పూర్తిచేసి, దాన్ని బోధించే ఇజాజత్ (అనుమతి) పొంది, మరో గ్రంథం కోసం మరో ఊరు వెళ్లేవారు. పోషణ నవాబులది, జాగీర్దారులది. 1801లో రాజ్యం ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాక ఆ ఆసరా సన్నగిల్లింది. తరగతులు, ఏటా పరీక్షలు, ఉస్తాద్‌కు జీతం, ప్రజల చందా వంటివాటిని ఒక పద్ధతిగా మలచింది 1866లో ఉత్తరాదిన మొదలైన దేవ్‌బంద్ మదరసా. దాని స్థాపనలో పాలుపంచుకున్న కొందరు ఆంగ్ల ప్రభుత్వ విద్యాశాఖలో పనిచేసినవారే. సర్కారు సొమ్ము వద్దన్నారు, సర్కారు బడి పద్ధతిని మాత్రం తీసుకున్నారు. ఇందులో తప్పేమీ లేదు. దాన్నే ప్రాచీన సంప్రదాయమని దబాయిస్తేనే నాకు చిరాకు.

అపోహ: మదరసాలో ఏనాడూ మతం తప్ప మరొకటి చెప్పలేదు.

వాస్తవం: 18వ శతాబ్దంలో లక్నోలోని ఫిరంగీ మహల్ పండిత కుటుంబానికి చెందిన ముల్లా నిజాముద్దీన్ పేరుమీద స్థిరపడిన దర్సే నిజామీ అనే పాఠ్యక్రమంలో తర్కం, తత్వం, గణితం గట్టిగా ఉండేవి. అది చదివినవారికి ఖాజీ (న్యాయాధికారి), మున్షీ (రాతకోతల ఉద్యోగి) కొలువులు దొరికేవి. 1837లో కోర్టుల నుంచి ఫార్సీని తప్పించేందుకు కంపెనీ చట్టం చేసింది. 1862లో భారత శిక్షాస్మృతి అమలుకు వచ్చింది. 1864లో ఖాజీల నియామకాన్నే ప్రభుత్వం మానుకుంది. కొలువులు పోయిన చదువుకు చివరికి మసీదు, మదరసాలే దిక్కయ్యాయి. దీనీ (మత), దునియావీ (లౌకిక) చదువుల మధ్య గోడ ఇంత ఎత్తుకు లేచింది అప్పుడే. ఇటుకలు మోసినవారిలో మనవాళ్లూ ఉన్నారు.

అపోహ: ఇప్పటి సర్కారీ ఖాజీది మొగలాయీ కాలపు పదవి.

వాస్తవం: ఆ కాలపు ఖాజీ తీర్పులు చెప్పేవాడు. నేటి పదవికి ఆధారం 1880 నాటి ఖాజీల చట్టం. అది మొదట వర్తించింది మద్రాసు గవర్నరు పాలనలోని ప్రాంతానికే. నెల్లూరు, ఒంగోలు అందులోనివే. న్యాయాధికారం మాత్రం అది ఇవ్వలేదు.

అపోహ: తెల్లదొరలకు మదరసా అంటేనే గిట్టదు.

వాస్తవం: కలకత్తా మదరసాను 1780లో పెట్టించింది వారన్ హేస్టింగ్స్. కంపెనీ కోర్టులకు ఇస్లామీ న్యాయం తెలిసినవారు కావలసి వచ్చారు మరి! అవసరం తీరాక ఆదరణా తగ్గింది.

అపోహ: మసీదులు, దర్గాలకు పాలకులిచ్చిన ఇనాం భూములన్నీ దొరలే లాక్కున్నారు.

వాస్తవం: 1858 తర్వాత మద్రాసు ఇనాం కమిషన్ హక్కులను విచారించి, సేవ సాగినంత కాలం మసీదులు, దర్గాల ఇనాములు చెల్లుతాయని ఖాయం చేసింది. వక్ఫ్ (ధర్మకార్యానికి అంకితమిచ్చిన) భూమిపై తగాదా వస్తే నేటికీ ఆ కమిషన్ రాయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టరునే తిరగేస్తారు. మీ మసీదు కమిటీ దగ్గర దాని నకలు లేకపోతే ముందు ఆ పని చూడండి.