బూడిదనైనా దేవుడు లేపగలడన్నప్పుడు దహనం ఎందుకు కూడదన్నారు?

2020 జులైలో కేరళలోని అలప్పుళ లాటిన్ క్యాథలిక్ మేత్రాసనం (ఒక బిషప్ పాలన కింద ఉండే చర్చిల ప్రాంతం) ఒక నిర్ణయం తీసుకుంది. కోవిడ్‌తో చనిపోయిన విశ్వాసులను దహనం చేసి, ఆ బూడిదను చర్చి శ్మశానంలో పూడ్చిపెట్టవచ్చని చెప్పింది. అక్కడ కొద్ది లోతు తవ్వితేనే నీళ్లు ఊరతాయి, ప్రభుత్వం చెప్పినంత లోతు గొయ్యి తీయడం కుదరదు. రోమ్, అంటే పోప్ ఉండే క్యాథలిక్ పెద్ద పీఠం, అప్పటికి 57 ఏళ్ల కిందటే దహనానికి ఒప్పుకున్నా, ఇదొక పెద్ద వార్త అయింది.

యూదులు శవాన్ని పాతిపెట్టేవారు, రోమన్లలో దహనం ఎక్కువ. యేసును సమాధిలో ఉంచారు కాబట్టి తొలి క్రైస్తవులూ పాతిపెట్టే దారే పట్టారు. చనిపోయినవారు ఒకనాడు శరీరాలతో తిరిగి లేస్తారన్నది వాళ్ల నమ్మకం. ఈ సంగతి శత్రువులకూ తెలుసు. 177లో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో క్రైస్తవులను చంపి, శవాలను ఆరు రోజులు ఆరుబయట పడేసి, తర్వాత కాల్చి, బూడిదను రోన్ నదిలోకి ఊడ్చేశారు. వీళ్లెలా తిరిగి లేస్తారో, వీళ్ల దేవుడెలా కాపాడతాడో చూద్దామన్నది వాళ్ల పంతం. ఆ ఊరి క్రైస్తవులు రాసిన ఉత్తరం వల్లే ఇదంతా మనకు తెలిసింది.

ఆ వెక్కిరింతకు జవాబు కూడా పాతదే. మృగాలు తిన్నా, మంటలు కాల్చినా, శూన్యం నుంచి లోకాన్ని చేసినవాడికి శరీరాన్ని తిరిగి కూర్చడం కష్టమేమీ కాదని అగస్టీన్ లాంటి తొలినాటి క్రైస్తవ పండితులు తేల్చేశారు. అంటే సిద్ధాంతం ప్రకారం దహనానికి అడ్డేమీ లేదు. అయినా 8వ శతాబ్దం చివర్లో ఫ్రాంకుల రాజు షార్లమేన్, ఇప్పటి జర్మనీ ప్రాంతంలోని సాక్సన్ తెగలను లొంగదీశాక, శవాన్ని కాల్చినవారికి మరణశిక్షే అన్నాడు. పాత దేవతల ఆచారాన్ని వేళ్లతో సహా పెకలించాలన్నది అతని ఉద్దేశం. నా లెక్కలో ఈ చరిత్ర పొడవునా అసలు తగువు ఇదే: శవాన్ని కాల్చడం కన్నా, ఎవరు, ఎందుకు కాలుస్తున్నారన్నది.

19వ శతాబ్దంలో అది బాహాటంగా బయటపడింది. ఇటలీలో దహనాన్ని నెత్తికెత్తుకున్నవారిలో ఫ్రీమేసన్లు (ఒక రహస్య సోదర సంఘం సభ్యులు), చర్చి అంటే పడనివాళ్లు చాలామంది. 1876లో మిలాన్‌లో దహనవాటిక వచ్చింది. పదేళ్లకు, 1886లో, రోమ్ క్యాథలిక్కులకు దహనాన్ని నిషేధించింది.

బ్రిటన్‌లో కథ మరీ విచిత్రం. 1884 జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం, వేల్స్‌లోని లాంట్రిసాంట్ కొండ మీద విలియం ప్రైస్ అనే 83 ఏళ్ల వైద్యుడు చనిపోయిన తన పసికందుకు నిప్పు పెట్టాడు. తనను తాను డ్రూయిడ్‌గా, అంటే క్రైస్తవానికి ముందటి కెల్ట్ మతపు పూజారిగా, చెప్పుకునే ఆ ముసలాయన బిడ్డకు పెట్టిన పేరు వెల్ష్ భాషలో ‘యేసు క్రీస్తు’. మంట చూసి జనం ఎగబడి, శవాన్ని బయటికి లాగారు. పోలీసులు రాకపోతే ఆయన్నీ అక్కడే చంపేసేవారేమో. విచారణ జరిపిన జడ్జి స్టీఫెన్ మాత్రం, చుట్టుపక్కలవారికి ఇబ్బంది కలగనంత వరకు దహనం నేరం కాదన్నారు. మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లోని వోకింగ్ దహనవాటికలో మనుషుల దహనాలు మొదలయ్యాయి. 1944లో చనిపోయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్, అంటే ఇంగ్లండ్ చర్చి పెద్ద, విలియం టెంపుల్‌నే దహనం చేశారు.

1963లో రోమ్ మెత్తబడింది. విశ్వాసాన్ని ధిక్కరించడానికి కాకపోతే దహనం చేసుకోవచ్చు అంది. 2016లో మళ్లీ కొన్ని కట్టుబాట్లు పెట్టింది: బూడిదను గాల్లో, నీళ్లలో చల్లకూడదు, ఇంట్లో దాచుకోకూడదు, నగల్లో పొదిగించుకోకూడదు. 2023 డిసెంబర్‌లో, చాలామంది బూడిదను కలిపి ఒకే పవిత్ర స్థలంలో ఉంచడానికి మాత్రం ఒప్పుకుంది. గ్రీస్‌లో ఆర్థడాక్స్ చర్చి ఇప్పటికీ ససేమిరా అంటోంది. అక్కడ తొలి దహనవాటిక తెరిచింది 2019లోనే.

మన దగ్గర సమాధుల తోటలో పాస్టరుగారు ‘నీవు మన్నే గనుక తిరిగి మన్నై పోదువు’ అని చదువుతుంటే అయినవాళ్లు పెట్టె మీద గుప్పెడు మట్టి వేస్తారు. హైదరాబాద్‌లో చోటు చాలక పాత సమాధినే తవ్వి, అదే కుటుంబంలో మరొకరిని అందులో ఉంచుతున్నారు. అయినా దహనం మాట ఎత్తేవారు అరుదు. దీన్ని పూర్తిగా మిషనరీల ఖాతాలో వేయలేం. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చారు, ఆ ఇళ్లలో చాలాచోట్ల పాతిపెట్టడం బైబిలు ఊళ్లోకి రాకముందు నుంచీ ఉన్నదే.