రుజువు దాకా పిల్లలు ఎందుకు రాలేకపోతున్నారు: 1957లోనే దొరికిన జవాబు

స్కూల్లో రేఖాగణితం రుజువులు ఉంచాలా, తగ్గించాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. ఈసారి దానికి కారణం యంత్రం. 2024 జనవరిలో గూగుల్ డీప్‌మైండ్ వాళ్లు బయటపెట్టిన ఆల్ఫాజామెట్రీ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాం, అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ల నుంచి తీసుకున్న 30 రేఖాగణితం లెక్కల్లో 25 చేసేసింది. ఇప్పుడు హోంవర్కు ప్రశ్నకి ఫోటో తీస్తే చాలు, దత్తాంశం, సారాంశం, ఉపపత్తి వరసగా స్క్రీన్ మీదికి వచ్చేస్తున్నాయి. అలాంటప్పుడు పిల్లల చేత ఇంకా ఎందుకు రాయించడం అని ఒక పక్షం అడుగుతోంది. సిలబస్ మొత్తంలో 'ఎందుకు' అని అడిగే చోటు ఇదొక్కటే, దీన్నీ తీసేస్తే ఎలా అని రెండో పక్షం.

యూక్లిడ్ నుంచి మొదలుపెట్టను, ఆ కథ అందరికీ తెలుసు. ఇవాళ్టి గొడవకి మూలం నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో, 1957లో ఉంది.

ఆ ఏడాది అక్కడ డీనా వాన్ హీలె గెల్డాఫ్, పియెర్ వాన్ హీలె అనే భార్యాభర్తలు డాక్టరేట్ కోసం రెండు వేరు వేరు సిద్ధాంత గ్రంథాలు సమర్పించారు. ఇద్దరూ హైస్కూల్లో లెక్కలు చెప్పినవాళ్లే. వాళ్లని వేధించిన సమస్య టీచర్లందరికీ తెలిసిందే. ఎన్ని రకాలుగా మార్చి చెప్పినా కొన్ని విషయాలు పిల్లలకి ఎక్కవు. తాను వేరే భాషలో మాట్లాడుతున్నట్టు అనిపించేదని పియెర్ తర్వాత ఒక చోట రాసుకున్నారు. ఆ మాటని ఉపమానంగా వదిలేయకుండా ఇద్దరూ దాని వెంట పడ్డారు. పిల్లవాడిది నిజంగానే వేరే భాష అని తేల్చారు.

ఒక కాగితం చతురస్రాన్ని చిన్న క్లాసు పిల్లలకి చూపించండి. చతురస్రం అంటారు. దాన్నే కాస్త తిప్పి ఒక మూల మీద నిలబెట్టండి. చాలామంది డైమండ్ అంటారు. భుజాలు మారలేదు, కోణాలు మారలేదు, కానీ వాళ్లకి ఆ పేరు మొత్తం ఆకారానికి అతుక్కుని ఉంది. ఇది మొదటి మెట్టు. రెండో మెట్టులో ఆకారం వెనక్కి వెళ్లి గుణాలు ముందుకొస్తాయి: నాలుగు భుజాలు సమానం, కర్ణాలు లంబంగా ఖండించుకుంటాయి, ఇలా. మూడో మెట్టులో ఆ గుణాల్లో ఏది దేని నుంచి వస్తుందో కనపడుతుంది. 'ప్రతి చతురస్రమూ దీర్ఘచతురస్రమే' అన్న వాక్యం ఇక్కడికి వచ్చాకే అర్థమవుతుంది. అంతకుముందు అది మార్కుల కోసం గుర్తుపెట్టుకునే వింత మాట. రుజువు నాలుగో మెట్టు. వేర్వేరు స్వీకృతాలతో, అంటే రుజువు లేకుండా ఒప్పుకునే మాటలతో, నడిచే రేఖాగణితాలని పక్కపక్కన పెట్టి చూడటం ఐదోది, అది కాలేజీ చదువు.

మధ్య మెట్టు ఎగరడం కుదరదని వాళ్లిద్దరూ గట్టిగా చెప్పారు. వయసు పెరిగినంత మాత్రాన మెట్టు ఎక్కరు, చేయించిన పనిని బట్టి ఎక్కుతారు. పాఠ్యపుస్తకం నాలుగో మెట్టు మీద నిలబడి మాట్లాడుతూ, వినేవాళ్లు రెండో మెట్టు మీద ఉంటే, పిల్లలకి మిగిలేది కంఠస్థం ఒక్కటే.

పియెర్‌ది సిద్ధాంతం, డీనాది తరగతి గది. ఈ చరిత్ర చెప్పేవాళ్లు ఆమె భాగాన్ని రెండు ముక్కల్లో ముగించేస్తుంటారు, నాకు అది బాధగా ఉంటుంది. పన్నెండేళ్ల పిల్లలకి ఆమె నేల మీద పరిచే పలకలు ఇచ్చి పని చేయించారు. ఒకే కొలత ఉన్న త్రిభుజాలని ఖాళీ లేకుండా పరుచుకుంటూ పోతే, సరళరేఖకి ఒక పక్కన మూడు వేర్వేరు కోణాలు సరిగ్గా ఇమిడిపోతాయి. త్రిభుజంలో కోణాల మొత్తం 180 డిగ్రీలన్నది పిల్లల చేతికి ముందు తగులుతుంది, వాక్యంగా తర్వాత వస్తుంది. ఆ పలకల అమరికలోనే సమాంతర రేఖలు, ఏకాంతర కోణాలు కూడా కనపడతాయి. అప్పుడు 'ఇది దేని వల్ల అలా అయింది?' అని అడగొచ్చు. మొదటి మెట్టు నుంచి రెండో దానికి 20 పాఠాలు, అక్కడి నుంచి మూడోదానికి 50 పాఠాలు పట్టాయని ఆమె లెక్క. గ్రంథం పూర్తయిన కొద్ది కాలానికే ఆమె చనిపోయారు. ఆ పనిని పియెర్ ఒక్కడే దశాబ్దాల పాటు జనానికి వివరిస్తూ వచ్చారు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్దాం. ఎడమవైపు వాక్యం, కుడివైపు కారణం అనే రెండు వరసల రుజువు అమెరికా స్కూళ్లలో 20వ శతాబ్దం మొదట్లో స్థిరపడింది. హైస్కూలుకి వచ్చే పిల్లల సంఖ్య పెరుగుతున్న రోజులవి. అందరూ రాయగలగాలి, టీచర్ త్వరగా దిద్దగలగాలి. ఉద్దేశం మంచిదే. కానీ ఆలోచనకి ఆసరాగా వచ్చిన చట్రమే చివరికి పరీక్షలో అడిగే సరుకైపోయింది. దానికి ఎదురుగా 1930లలో హెరాల్డ్ ఫాసెట్ అనే అమెరికన్ టీచర్ ఒహాయోలో తన విద్యార్థుల చేత నిర్వచనాలు, స్వీకృతాలు వాళ్లనే రాయించి, పాఠ్యపుస్తకం వాళ్లనే తయారుచేసుకోనిచ్చారు. ప్రకటనల్లో, పత్రికల్లో దాగిన ఊహలని కూడా వాళ్లు పట్టుకోవడం నేర్చుకున్నారు. ఆ ప్రయోగాన్ని అందరూ మెచ్చుకున్నారు, స్కూళ్లు మాత్రం పెద్దగా మారలేదు.

రుజువులు తగ్గించాలనే పక్షానికి పెద్ద గొంతు 1959లో దొరికింది. ఫ్రాన్స్‌లోని రోయోమోంలో జరిగిన సదస్సులో ఫ్రెంచి గణితవేత్త జాన్ డ్యుడొనే 'యూక్లిడ్ పోవాలి' అన్నారు. ఆయన తర్కాన్ని వద్దనలేదు, త్రిభుజాల మీద అన్నేళ్లు గడపకుండా సదిశలకి (వెక్టర్లకి), బీజగణితానికి త్వరగా వెళ్లాలన్నారు. ఆ తర్వాత 'కొత్త గణితం' పేరుతో వచ్చిన సిలబస్ మార్పుల్లో పాత రేఖాగణితం చాలా దేశాల్లో చిక్కిపోయింది. కొత్తగా వచ్చినదీ పై మెట్టు భాషలోనే ఉంది కాబట్టి పిల్లలు ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉన్నారు.

డచ్చి దంపతుల మాటని ముందుగా పట్టించుకున్నది సోవియట్ యూనియన్. 1960లలో అక్కడ ప్రాథమిక తరగతుల రేఖాగణితాన్ని దీని వెలుగులో తిరగరాసుకున్నారు. అమెరికాకి ఈ సంగతి 1970ల మధ్యలో షికాగో గణిత ఆచార్యుడు ఐజక్ విర్జుప్ ద్వారా చేరింది. 1982లో జల్మన్ ఉసిస్కిన్ బృందం సుమారు 2,700 మంది విద్యార్థులు ఏ మెట్టు మీద ఉన్నారో పరీక్షించింది. 1985లో పరిశోధకురాలు షారన్ సెంక్ చూపిన లెక్క ఇంకా కుదిపేస్తుంది: ఏడాది పొడవునా రుజువులు నేర్చుకున్నవాళ్లలో, రుజువు రాయడంలో 75 శాతం పట్టు సాధించినవాళ్లు సుమారు 30 శాతమే. అప్పటికి ఫోన్లు లేవు, యాప్‌లు లేవు. ఇవాళ యంత్రం చెడగొట్టిందంటున్నది అప్పటికే చెడి ఉంది.

ఆ తర్వాత కాబ్రి, 1991లో స్కెచ్‌ప్యాడ్, 2000ల మొదట్లో జియోజీబ్రా అనే కంప్యూటర్ ప్రోగ్రాంలు వచ్చాయి. వీటితో బొమ్మని లాగి చూడొచ్చు. ఏదో ఒక చతుర్భుజం గీసి, నాలుగు భుజాల మధ్యబిందువులు కలపండి. లోపల సమాంతర చతుర్భుజం వస్తుంది. ఒక శీర్షాన్ని పట్టుకుని ఎటు లాగినా, బొమ్మ లోపలికి కుంగిపోయినా అది చెదరదు. లాగి చూసిన పిల్లకి ఇది నిజమా అన్న అనుమానం ఉండదు. అందుకే ఆమెని 'నిరూపించు' అంటే విసుగ్గా ఉంటుంది. 'ఎందుకు చెదరడం లేదు?' అంటే మాత్రం ఆగి చూస్తుంది. ఒక కర్ణం గీస్తే చతుర్భుజం రెండు త్రిభుజాలవుతుంది. లోపలి రెండు ఎదురు భుజాలూ ఆ కర్ణానికే సమాంతరం, దాని పొడవులో సగం. రెండో కర్ణంతోనూ అంతే. మూడు నిమిషాల పని. ఎక్కడ లాగుతున్నా ఆ కర్ణం తోడుగా కదులుతోందని తెలిసిన క్షణంలో ఆమె మొహం చూడాలి.

ఫోన్ కూడా ఈ రుజువు రాసిస్తుంది. రాసివ్వనివ్వండి. దాన్ని పిల్లల ముందు పెట్టి, 'లోపల సమచతుర్భుజం రావాలంటే బయటి చతుర్భుజం ఎలా ఉండాలి? దీర్ఘచతురస్రం రావాలంటే?' అని నోటితో అడగొచ్చు. కర్ణాలు సమానమైతే మొదటిది, లంబమైతే రెండోది. రుజువులో కర్ణం ఏ పని చేస్తోందో గమనించినవాళ్లు కాసేపట్లో చెప్తారు, కాపీ చేసుకున్నవాళ్లు చెప్పలేరు. ఇలాంటి ప్రశ్నకి పరీక్షల్లో చోటు తక్కువ, ఎందుకంటే దిద్దడం కష్టం. వంద సంవత్సరాల కిందట రెండు వరసలు వచ్చిందీ దిద్దడం తేలికవ్వాలనే.